నా కోరపన్ను, నాన్నగారి పోస్టింగు

నేను ఆరో తరగతిలో ఉండగా, ఇంకా కదలను కూడా కదలని పాలపన్నుకి పైన, చిగురులోంచి కొత్త కోరపన్ను పొడుచుకొచ్చింది. సరిగ్గా ఆ వారమే నాన్నగారి నంబరు పేపర్లో పడింది. ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటూ ఆయన ఏళ్ళ తరబడి ఎదురుచూసిన టీచరు ఉద్యోగం. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, రెంటినీ ముడిపెట్టేసింది.

"పన్ను మీద పన్ను అదృష్టమమ్మా. మీ నాన్నకి కలిసొచ్చింది" అంది.

అంతలో ఎవరో కోర్టుకెళ్ళారు, పోస్టింగులు ఆగిపోయాయి. దాంతో నా పన్నుకి కాపలా మొదలైంది.

పాలపన్ను ఊడితే పైది జరిగిపోతుందని మామ్మ భయం. జీళ్ళు మాన్పించింది. జాంకాయ కూడా ముక్కలు కోసిచ్చి, అటువైపు నమలొద్దనేది. కేసు సంగతి కనుక్కోవడానికి నాన్నగారు కాకినాడ బయల్దేరినప్పుడల్లా నేను గేటు దగ్గర ఎదురు రావాలి. ఊరికే వస్తే చాలదు, ఆ పన్ను కనబడేలా నవ్వాలి. బడిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేదాన్ని, ఇంట్లో ఆ చెయ్యి తీయమనేవారు. నా నోరు నాది కాకుండా పోయింది. ఏడుపొచ్చేది, కానీ ఎదురొచ్చే పిల్ల ఏడవకూడదట.

అమ్మ పోరగా పోరగా ఒకసారి అమలాపురంలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

"పాలపన్ను ఇప్పుడు తీసేస్తే కొత్తది దాని చోట్లోకి దిగొచ్చండీ. ఆలస్యమైతే చోటుండదు" అన్నాడాయన.

కుర్చీలో నోరు తెరిచే ఉంచి, నాన్నగారి వైపు చూశాను. తీసేయమనండి అని కళ్ళతోనే బతిమాలాను.

"ఆయ్, తీయిద్దామండీ. ఆర్డరొక్కటి రానివ్వండి" అన్నారు నాన్నగారు.

ఏ ఆర్డరో డాక్టరుకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. తిరుగు బస్సులో ఆయన పక్కన కూర్చోబుద్ధి కాలేదు, వేరే సీటు లేక కూర్చున్నాను.

ఆర్డరు రెండేళ్ళకు వచ్చింది. అప్పటికి పాలపన్ను దానంతటదే ఊడిపోయింది, పైది మాత్రం పైనే ఉండిపోయింది. ఆ సాయంత్రమే నాన్నగారు నన్ను అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

"పక్క పళ్ళు జరిగిపోయేయండీ. అప్పుడే తీయించాల్సింది" అన్నాడాయన.



మర్నాడు ఉప్పలగుప్తం దగ్గర బడిలో చేరడానికి ఆయన సైకిలు బయటికి తీశారు. ఎవరూ చెప్పకుండానే గేటు దగ్గరికి ఎదురు వెళ్ళాను. కోపం పోయి కాదు, అలవాటైపోయి. పన్ను కనబడేలా నవ్వాను.

"వద్దమ్మా, లోపలికెళ్ళు" అన్నారు, తల ఎత్తకుండా.

ఆయన సైకిలెక్కి మలుపు తిరిగేదాకా ఆ నవ్వు ఎలా ఆపాలో నాకు తెలియలేదు.