‘నిండితే?’ ఆర్థర్

గిన్నె కనిపించినా, గోదాము కనిపించినా మా ఆర్థర్‌ది ఒకటే ప్రశ్న: “నిండితే?”

అల్వాల్‌లో పెళ్లిచూపులకు వెళ్లి, కాఫీ గ్లాసు అందుకుంటూ పిల్లను అడిగిన మొదటి మాట అదే. అయినా రోసమ్మ అతణ్ణి ఎలా చేసుకుందో నాకిప్పటికీ తెలియదు. పాపం, నేటికీ ఉప్పు డబ్బా ముప్పావు వంతే నింపుతుంది.

ఏ.ఎస్. రావు నగర్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు కంప్యూటర్లు తయారుచేసే చిన్న కంపెనీ మాది. ఇరవై ఏళ్లు నా పక్క కుర్చీ ఆర్థర్‌దే. లిఫ్టులో ‘ఎనిమిది మంది’ అని రాసి ఉండేది. లోపల ముగ్గురమే ఉన్నా ఆర్థర్ గుమ్మంలో ఆగిపోయి, “తొమ్మిదోవాడు ఎక్కితే?” అనేవాడు.

“ఏందీ సార్, రోజూ గిదే లొల్లి! జెర లోపలికి వస్తరా, తలుపు ముయ్యాల్నా?” అని లిఫ్టు నడిపే తుకారాం కసిరేవాడు. ఆర్థర్ మెట్లెక్కి వెళ్లేవాడు. మాకంటే ముందే పైన ఉండేవాడు. ఒళ్లు మండేది అందుకే.

ఒకరోజు నా స్కూటర్ మీటరు 99,999కి దగ్గరపడింది. కాప్రా చెరువు దాకా వెనక కూర్చుని, నా భుజం మీంచి మెడ చాచి చూశాడు. మీటరు గిర్రున తిరిగి అన్నీ సున్నాలే చూపించింది.

“చూశావట్రా? లక్ష కిలోమీటర్ల ముసలి బండి సున్నా అంటోంది! నమ్ముతావా?”

“నేను నమ్మక్కర్లేదు. కొనేవాడు నమ్మితే చాలు.”

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అంత హాయిగా నా ఉద్యోగంలో మరే మూడు రోజులూ గడవలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది కెర్నెల్. మెమరీలో ఎవరికెంత చోటివ్వాలో లెక్కగట్టేది అదే. ఆ లెక్క రాసింది దేవకృప, ఆర్నెల్ల ప్రొబేషన్ మీద చేరిన అమ్మాయి. తనిఖీ చేసిన ఆర్థర్ ఆ కాగితాల అంచుల్లో ఎర్ర సిరాతో “నిండితే?” అని రాసిచ్చాడు.

“ఇరవై ఆరు పేజీల్లోనూ అదే రాశారు సార్. అన్నీ చూడాలా?” అని ఆ పిల్ల నన్నడిగింది.

“వాడు టిఫిన్ డబ్బా మీద కూడా అదే రాస్తాడమ్మా. వదిలెయ్,” అన్నాను.

సరుకు లారీ ఎక్కే ముందురోజు ఆర్థర్ కావాలనే పేద్ద సంఖ్యతో చోటు అడిగి చూశాడు. ఎన్ని ముక్కలు, ఒక్కోటి ఎంత అని కెర్నెల్ చేసే గుణకారం అంకెలు చాలక, నా స్కూటర్ మీటరులా తిరిగి చిన్న అంకె చూపించింది. కెర్నెల్ అరచేతంత చోటిచ్చి, బండెడు సరుకు దింపుకోమంది. పొంగిందంతా పక్కచోట్ల మీద పడింది. కిటుకు తెలిసిన దొంగ ఆ దారిన యంత్రం మొత్తాన్ని చేజిక్కించుకోగలడు.

ఆర్థర్ లారీ ఆపించి, ఎర్ర సిరా కాగితాలు దేవకృప దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్నాడు. బాగుచేయడానికి రెండు లైన్లే పట్టాయి: గుణించే ముందే ‘పడుతుందా?’ అని చూసి, పట్టకపోతే ‘కుదరదు’ అనడం. అంటే ఇకనుంచి కెర్నెల్ కూడా ఆర్థర్‌లా అడుగుతుందన్నమాట. ఒక్కడు చాలనట్టు!

మేనేజర్ వెంకటరత్నం గారు బల్ల గుద్దారు. “ఇంత తప్పు తనిఖీలో దొరకలేదా? లేక దొరికినా దిద్దలేదా? దిద్దనివాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు. ఆ కాగితాలు తెండి!”

ఆ వారమే దేవకృప ప్రొబేషన్ ముగుస్తుంది. ఆ కాగితాలు బయటికొస్తే ఆమె ఉద్యోగం పోయినట్టే.

“తప్పు నాదే సార్. అక్కడ అడగడం మర్చిపోయాను,” అన్నాడు ఆర్థర్.

“మీరా? మర్చిపోయారా? కాగితాలేవి?”

“చెత్తబుట్టలో వేశాను. బుట్ట నిండిపోతే తుకారాం ఖాళీ చేశాడు.”

అరగంట తిట్లు తిన్నాడు. ఆ ఏడు ప్రమోషన్ పోయింది. దేవకృప ఉద్యోగం ఖాయమైంది.

ఇంటికి వెళ్తుంటే, స్కూటర్ గోతిలో పడినప్పుడల్లా వెనక ఆర్థర్ చొక్కాలో ఏదో గరగరలాడింది.

“ఏంట్రా అది?”

“ఇరవై ఆరు పేజీలు. ఇంకొక్కటి కూడా పట్టదు.”

“ఆ పిల్లను వదిలెయ్యమన్నది నేనేరా,” అన్నాను.

“తెలుసు. ముందు చూసి నడుపు.” ఇంకో గొయ్యి దాటాక, “పెట్రోలు ఎంత పోయించావు?” అన్నాడు.

“నిండా.”

“నిండితే?”

ఇరవై ఏళ్లలో మొదటిసారి విసుక్కోకుండా బండి పక్కకు ఆపి, సీటెత్తి, మూత తీసి చూపించాను.