పదకొండో రేసులో ఒక్క పాయింటు

స్పీడ్‌వే అంటే ఏమిటని సౌదీలోని అల్ ఖోబర్‌లో నన్ను ఇప్పటికి ఇరవై ముగ్గురు అడిగారు. వారిలో పందొమ్మిది మంది నేను రెండో వాక్యానికి వచ్చేసరికి ఫోన్లు తీశారు. ముగ్గురు "ఎగ్జిబిషన్లో మృత్యుబావి లాంటిదన్నమాట" అని తామే తేల్చేసి, బిర్యానీ వైపు వెళ్లిపోయారు. చివరిదాకా విన్నవాడు ఒక్కడు. అతను మా కంపెనీ డ్రైవరు, కడప మనిషి. అతను విన్నది కూడా కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి, వేరే దారి లేక.

విషయంలో కష్టమేమీ లేదు. కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట. ఒక్కో జట్టు నుంచి ఇద్దరు చొప్పున నలుగురు రైడర్లు. నాలుగు చుట్లు, సుమారు ఒక నిమిషం. బండికి ఒకటే గేరు, బ్రేకు లేదు. మొదట వచ్చినవాడికి మూడు పాయింట్లు, తర్వాతి వాళ్లకు రెండు, ఒకటి, సున్నా. ఇటువంటి రేసులు పదిహేను. పదిహేను ఆర్లు తొంభై. ఆ తొంభైని రెండు జట్లూ పంచుకుంటాయి. వాన పడితే క్రికెట్‌లో లక్ష్యం ఎట్లా మారుతుందో ఒక్కరికీ చెప్పడం చేతకాకపోయినా హాయిగా చూసే మా అజీజియా పేట ఇంజనీర్లు, ఈ పదిహేను ఆర్ల దగ్గర మాత్రం తల పట్టుకుంటారు. వారాంతంలో హాఫ్ మూన్ బే సముద్రతీరం ఇసుకలో అద్దెకు తెచ్చిన నాలుగు చక్రాల బండిని రెండుసార్లు గుండ్రంగా తిప్పి, తమకు మోటారు పందేలంటే ప్రాణమని చెప్పుకునేవారూ వీరే.

ముప్పయ్యో ఏట కంపెనీ పంపగా ఇంగ్లండులోని ఒక చిన్న ఊళ్లో నాలుగేళ్లు పనిచేశాను. నా పని అప్పుడూ ఇప్పుడూ ఒకటే: కొలిచే పనిముట్లు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో కొలవడం. గది అద్దెకిచ్చిన ముసలాయన ఒక గురువారం సాయంత్రం నన్ను స్టేడియానికి తీసుకెళ్లి, నా చేతిలో ప్రోగ్రామ్ పుస్తకమూ ఒక బాల్‌పెన్నూ పెట్టాడు. ఆ పుస్తకంలో ప్రతి రేసుకూ నాలుగు పేర్లు, ప్రతి పేరు పక్కనా ఒక ఖాళీ గడి ఉంటాయి. రేసు ముగియగానే ప్రేక్షకులే ఆ గడులు నింపుతారు. పడితే F, రిఫరీ తొలగిస్తే X. ఒక నిమిషం గొంతు చించుకున్న రెండు వేల మంది మరుక్షణం తలలు వంచి అంకెలు వేసుకోవడం ఆ రోజే మొదటిసారి చూశాను. నేను ఆ ఊరి జట్టు క్లబ్బు మనిషినైంది రైడర్లను చూసి కాదు, ఆ తలలను చూసి.

ఇప్పుడు అదీ లేదు. పెన్ను తెచ్చుకోని వాళ్లు, గడులు నింపకుండా ఫొటోలు తీసుకుని "అద్భుతమైన సాయంత్రం" అని రాసుకునే వాళ్లు స్టేడియం నిండా ఉన్నారు. ఎంత అద్భుతమో అడిగితే అంకె చెప్పలేరు.

ఖోబర్ వచ్చాక కూడా నేను ఒక్క రేసు వదల్లేదు. ఇంటర్నెట్‌లో ప్రసారాలు లేని కాలంలో పాత స్నేహితులు నింపి పంపిన పుస్తకాల నుంచి రిజిస్టర్లలోకి ఎక్కించాను. ప్రసారాలు మొదలయ్యాక నేనే చూసి రాస్తున్నాను. రాయడం నల్ల సిరాతో. దిద్దుబాటు ఎర్ర సిరాతో, తేదీ, పొడి సంతకంతో సహా. పాయింట్లకు ఒక రిజిస్టరు, గాయాలకు మరొకటి. క్లబ్బు వెబ్‌సైటులో పదకొండు తప్పులు పట్టుకుని ఉత్తరాలు రాశాను, పదకొండూ దిద్దారు. అందుచేత వెబ్‌సైటులో ఏముందన్నది నాకు లెక్కలో లేదు. నా కంటితో చూసి నా చేత్తో రాసిందే లెక్క.

నాలుగు సీజన్ల క్రితం, ఆగస్టు చివరి సోమవారం, ఇంగ్లండులో అందరికీ సెలవు, బ్యాంకు సెలవంటారు. అక్కడ మూడు గంటలకు మొదలైన పోటీ మాకు ఐదు గంటలకు వచ్చింది. డ్రైవరు నన్ను ఇంటి దగ్గర దింపి, పైకి వచ్చి, నా పక్కనే కూర్చున్నాడు. అతనికి పాయింట్లతో పని లేదు. పడిపోయేవాళ్ల కోసం చూస్తాడు.

"బ్రేకులే పెట్టకుండా బండి అమ్మినోడిని పట్టుకోకుండా, పడినోడిని తీసేస్తారు. ఇదేం న్యాయం సార్?" అన్నాడు.

"నోరు మూసుకుని చూడు భాయ్."

"నేను చూస్తానే ఉండా. మీరే చూడరు. ఎప్పుడు జూసినా ఆ కాగితంలో తల పెట్టుకోనుంటారు."

ఎనిమిదో రేసులో మా రైడర్లలో ఒకడు రెండో మలుపు దగ్గర కంచెను గుద్దుకున్నాడు. లేచి నిలబడ్డాడు. రిఫరీ అతణ్ణి ఆ రేసు వరకు తొలగించి, రేసు మళ్లీ పెట్టమన్నాడు. అతని పేరు పక్కన X వేశాను. ఆగిన రేసును కొట్టేసి, మళ్లీ జరిగే రేసుకు గళ్లు గీశాను. పోటీ ఇరవై రెండు నిమిషాలు ఆగిందని గడియారం చూసి రాశాను. ఈలోగా డ్రైవరు వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చాడు.

పదకొండో రేసు మొదలయ్యేటప్పుడు ప్రసారం బిగుసుకుపోయింది. బొమ్మ కదిలేసరికి మొదటి చుట్టు అయిపోయింది. సొంత ఊళ్లో ఆడుతున్న మా జట్టువాళ్లలో ఒకడికి ఎర్ర హెల్మెట్టు, ఇంకొకడికి నీలం. నీలం హెల్మెట్టు మూడో స్థానంలో వచ్చింది. నేను ముందే తెప్పించుకున్న ప్రోగ్రామ్ పుస్తకంలో ఆ రేసుకు నీలం ఎదురుగా అచ్చయిన పేరు, ఎనిమిదో రేసులో పడినవాడిదే. ఆ పేరు పక్కన ఒకటి వేశాను.

మర్నాడు వెబ్‌సైటులో ఆ పాయింటును ఒక రిజర్వ్ రైడరు పేరున వేశారు. ఆ ఒక్కరోజుకు వేరే ఊరి నుంచి బదులు వచ్చినవాడు అతను. నా లెక్కలో అతనివి మూడు రేసులు: సున్నా, F, సున్నా. పన్నెండో తప్పు దొరికిందని పన్నెండో ఉత్తరం రాశాను. నా మాట మీద గురితో మూడు రోజుల్లో మార్చేశారు. నా మార్జిన్లో "వెబ్‌సైటు తప్పు, సరిచేయించబడినది" అని ఎర్ర సిరాతో రాసుకున్నాను. చాలా తృప్తిగా రాసుకున్నానని ఒప్పుకోవాలి.

ఈ సంవత్సరం ఫిబ్రవరిలో ఒక ప్రాజెక్టు నుంచి, బోల్టు ఎంత గట్టిగా బిగిసిందో కొలిచే ఆరు టార్క్ రెంచీలు పరీక్షకు వచ్చాయి. తెచ్చినవాడు క్రేన్లు తనిఖీ చేసే ఇంగ్లీషువాడు, ముప్పైకి అటూ ఇటూ. నా ఐడీ కార్డు తాడుకు గుచ్చి ఉన్న క్లబ్బు బ్యాడ్జి వైపు చూసి ఆగిపోయాడు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. తెలుగులో ఇట్లా ఉంటుంది.

"ఈ బ్యాడ్జి మీకెక్కడిది?"

"స్టేడియంలో, మీరు పుట్టకముందు."

"నేను మీ క్లబ్బుకు ఒకసారి ఆడాను. ఒకే ఒక్కసారి. బ్యాంకు సెలవు రోజున."

ఏ సంవత్సరమని అడిగాను. చెప్పాడు. పేరు అడిగాను. చెప్పాడు. నా జ్ఞాపకంలో వెంటనే తేలింది.

"మూడు రేసులు, సున్నా పాయింట్లు," అన్నాను.

అతని ముఖం ఎర్రబడింది. "నాలుగు రేసులు, ఒక పాయింటు. పదకొండో రేసు. నాలుగు రోజులు వెబ్‌సైటులో ఉంది కూడా. మా అమ్మ అది చూసి ఇంట్లో అందరికీ ఫోన్ చేసింది. తర్వాత ఎవడో తీసేశాడు."

"తీయించినవాణ్ణి నేనే. అది తప్పు కనుక తీయించాను."

"నేను అక్కడున్నాను. బండి మీద ఉన్నాను."

"బండి మీద ఉన్నవాడికి తన ముందు ఎందరున్నారో తెలియదు. నేను చూశాను."

"ఎక్కడి నుంచి?"

"ఇక్కడి నుంచి."

అతను నవ్వలేదు. మరుసటి సీజన్లో భుజం బాగులేక పందేలు మానేశానని, మా క్లబ్బు ఆడే పై స్థాయి లీగులో తనకు దొరికిన పాయింటు మొత్తం అదొక్కటేనని చెప్పాడు. నాకు ఇటువంటి మాటలు కొత్త కాదు. ప్రతి పనిముట్టు యజమానీ తన పనిముట్టు సరైనదనే అంటాడు. నా బల్ల మీద పెట్టాక తెలుస్తుంది. రెంచీలు గురువారానికి సిద్ధమవుతాయని చెప్పి, రసీదు చింపి ఇచ్చాను.

సాయంత్రం కారులో డ్రైవరుకు ఈ సంగతి చెప్పాను, ఎగతాళిగానే.

"ఆ పొద్దు నేను చాయ్ పెట్టిన పోటీయేనా సార్?" అన్నాడు.

"అవును, అదే."

"అంటే ఆ కంచెకు గుద్దుకున్నోడు మళ్లా బండెక్కినాడని మీరు రాసినారా? వాడిని అంబులెన్సులో ఎక్కించి తీసకపోయిరి గదా! అది పోయినాకనే నేను చాయ్ పెట్టేకి లేసింది."

"లేచి నిలబడ్డాడు. నేను చూశాను."

"నిలబడినాడు. చెయ్యి పట్టుకోని నిలబడినాడు. అంతలోకే మీరు తల వంచి గీతలు గీస్తాంటిరి. యాడ జూసినారు మీరు?"

డ్రైవరు జ్ఞాపకం సాక్ష్యం కాదు. అతనికి తను పోయినేడు ఇఖామా నివాసపత్రం రెన్యువల్ చేయించుకున్న నెలే గుర్తుండదు. అయినా ఇంటికి వెళ్లగానే చొక్కా మార్చుకోకుండా రిజిస్టరు తీశాను, అతని నోరు మూయించడానికి. పాయింట్ల రిజిస్టరులో అంతా సక్రమంగా ఉంది: ఎనిమిదో రేసు X, పదకొండో రేసు ఒకటి. ఆ తర్వాత గాయాల రిజిస్టరు తెరిచాను. అందులో క్లబ్బు డాక్టరు ప్రకటన చూసి ఆ మరుసటి ఆదివారం నా చేత్తో రాసుకున్న వరస ఉంది: ఆ రైడరు పేరు, కాలర్ బోన్ విరుగుట, బ్యాంకు సెలవు పోటీ, ఎనిమిదో రేసు, ఐదు వారాలు విశ్రాంతి.

ఎనిమిదో రేసులో ఎముక విరిగినవాడు నా మరో రిజిస్టరులో పదకొండో రేసులో మూడో స్థానంలో వచ్చాడు. బ్రేకుల్లేని బండి మీద, ఒక చేత్తో. రెండు రిజిస్టర్లూ నావే. రెండింటిలోనూ దస్తూరీ చక్కగా ఉంది. మూడున్నరేళ్లు ఒకే అరలో పక్కపక్కన ఉన్నాయి. గాయపడినవాడి బదులు రిజర్వ్ రైడరు అదే నీలం హెల్మెట్టు పెట్టుకుని ఎక్కుతాడన్న సంగతి, పెన్ను లేకుండా స్టేడియానికి వచ్చే ఫొటోల మనిషికి కూడా తెలుసు. ఆ రోజు పదకొండో రేసులో నేను చూసింది రంగును. రాసింది అచ్చయిన పేరును. మనిషిని చూడలేదు. పైగా చూసినవాళ్ల చేత దిద్దించాను.

క్లబ్బుకు పదమూడో ఉత్తరం రాశాను. ఇప్పుడు వెబ్‌సైటు చూసే మనిషి కొత్తవాడు. "పాత సీజను, ఒక్క పాయింటు, ఇప్పుడెవరు చూస్తారండీ?" అని ఒక నవ్వు బొమ్మ పెట్టి జవాబిచ్చాడు. ఇటువంటి వాళ్ల చేతుల్లో క్లబ్బులున్నాయి. రెండు రిజిస్టర్ల పేజీలనూ స్కాన్ చేసి, పన్నెండో ఉత్తరం ప్రతిని జతచేసి, ఇరవై మూడు పంక్తులు మళ్లీ రాశాను. ఈసారి నవ్వు బొమ్మ రాలేదు. మంగళవారం మార్పు కనిపించింది.

మా ప్రయోగశాలలో ఒక నియమం ఉంది. ఇచ్చిన సర్టిఫికెట్టు తప్పని తేలితే దాని మీద దిద్దకూడదు. కొత్తది ఇవ్వాలి, పాతది రద్దయిందని, ఎందుకు రద్దయిందో రాయాలి. గురువారం అతను రెంచీల కోసం వచ్చినప్పుడు, ఆరు సర్టిఫికెట్లతో పాటు ఏడో కాగితం కూడా ఇచ్చాను. అది తెల్ల కాగితం మీద నా సొంత సంతకంతో ఉంది. ఆఫీసు ముద్ర వేయలేదు, అది ఆఫీసు పని కాదు కనుక. పదకొండో రేసు, మూడో స్థానం, ఒక పాయింటు. రద్దుకు కారణం అన్న గడిలో ఇట్లా రాశాను: పరిశీలకుడు రాస్తూ ఉండి, బాట వైపు చూడలేదు.

అతను ఆ గడిని రెండుసార్లు చదివాడు. రెంచీల పెట్టెను కారు దాకా మోయడానికి వచ్చిన డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏం రాసినారు సార్?" అన్నాడు. చెప్పాను. "ఆ మాట నేను ఆ పొద్దే జెప్తి గదా, కాగితం లేకనే," అన్నాడు.

"మరి నా సగటు?" అన్నాడు ఇంగ్లీషువాడు.

ఇది అడుగుతాడని నేను అనుకోలేదు. అడిగాక మాత్రం, మొట్టమొదటిసారి అతణ్ణి కొంచెం గౌరవించాను. పాయింట్లను రేసులతో భాగించి నాలుగుతో హెచ్చించాలి. నాలుగు రేసులు, ఒక పాయింటు. "సరిగ్గా ఒకటి," అన్నాను.

"మీ క్లబ్బుకు ఆడినవాళ్లందరిలో నాకంటే తక్కువవాళ్లు ఉన్నారా?"

రిజిస్టరు తెచ్చే ఉన్నాను. లెక్క కూడా రాత్రే చేసి పెట్టాను. సున్నా సగటు వాళ్ల వరసలో ఇంతకాలం నలుగురు ఉండేవారు, ఇతనితో కలిపి. నిన్నటి నుంచి అక్కడ ముగ్గురే.

"ముగ్గురు," అన్నాను. "మీరు చివరి నుంచి నాలుగోవారు."

అతను కాగితాన్ని మడవకుండా రెంచీల సర్టిఫికెట్ల మధ్య పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఆ ముగ్గురి పేర్లు చెప్పమన్నాడు. చదివాను. మూడో పేరు, జాబితాలో సరిగ్గా తన కిందిది, మళ్లీ ఒకసారి చదవమన్నాడు, మళ్లీ చదివాను.