బెత్తెడు తిప్పిన కుర్చీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతిని ఇప్పుడు రాసి ఉంచక తప్పదు. నాచారంలోని నా ఇంటికి వచ్చినవారందరూ హాలు నిండా ఒకదానితో ఒకటి పోలిక లేని చెక్క కుర్చీలను చూసి, ఈ పాత సామానంతా ఎందుకని అడుగుతున్నారు. మొన్న మా మనుమరాలు కూడా అడిగింది. మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డును తవ్వుతున్న రోజులివి. ఆ రోడ్డు పక్కన ఉండిన మా పాత ఇంటిని ఎరిగినవారిలో ఇంకా మిగిలింది నేనొక్కడినే. కనుక క్రమంగా చెబుతాను.

ఉప్పల్ అప్పుడు పల్లెటూరు. మా తాతయ్యకు వ్యవసాయం జీవనం, కుర్చీలు వ్యసనం. దుకాణంలో కొన్నదానిని ఆయన కుర్చీగా పరిగణించేవారు కాదు. మంచి టేకు దుంగో, జిట్రేగి చెక్కో చేతికి వస్తే, చుట్టుపక్కల ఊళ్లలోని ఒక వడ్రంగికి ఇచ్చి, తోచినట్టు చేయమనీ, అలాంటిది మరొకరికి చేయవద్దనీ మాత్రం చెప్పేవారు. అలా చేరిన కుర్చీలలో ఒకదాని వీపు నెమలి మెడలా వంగి ఉండేది. మరొకదాని చేతులు చాయ్ కప్పు నిలిచేంత వెడల్పు. వాన పడితే ముందు వాటినే లోపలికి మోయించేవారు. నాయనమ్మ ఊరుకునేది కాదు. "నన్ను గూడ కట్టెతోని చేపిచ్చుకునేదుండె. గప్పుడన్న లోపటికి తెస్తుంటివి" అని దెప్పేది.

ఆ సేకరణలో ఒక టేకు కుర్చీకి ప్రత్యేకమైన ఉద్యోగం ఉండేది. మా వసారాలోని బండలు ఎగుడుదిగుడుగా ఉండేవి. ఒకానొక చోట పెడితే ఆ కుర్చీ ఊగేది. ఆ చోటు కనిపెట్టి, నాలుగు కాళ్ల దగ్గరా తాతయ్య సున్నంతో గుర్తులు పెట్టారు. మా మేనత్తను చూడటానికి ఎవరైనా వస్తే, పెళ్లికొడుకును ఆ కుర్చీలో కూర్చోబెట్టి అతని గుణం తెలుసుకోవాలన్నది ఆయన ఏర్పాటు. గుర్తులు తప్పకుండా కుర్చీని అక్కడ పెట్టే పని నాది. గీత తప్పడం నాకు అప్పటికే గిట్టేది కాదు.

మొదట వచ్చినాయన కూర్చున్న కాసేపటికే, "గిదేం కుర్చీ పెద్దయ్యా, ఎద్దుల బండెక్కినట్టున్నది" అన్నాడు. వాళ్లు వెళ్లాక తాతయ్య తీర్పు చెప్పారు: "గింత ఓర్సుకోనోడు బిడ్డనేం ఓర్సుకుంటడు?" రెండో ఆయన ఊగుతూనే కూర్చుని, ఊగుతూనే ఫలహారం తిని, ఒక్క మాట అనకుండా వెళ్లాడు. అతనూ తప్పాడు. "నడుం నొస్తున్నా నోరు తెరవనోడు రేపు పెండ్లాం దిక్కు ఏం మాట్లాడ్తడు?"

మా మేనత్త తలుపు చాటు నుంచి బయటకు వచ్చింది. "మాట్లాడినోడు పనికిరాడు, మాట్లాడనోడు పనికిరాడు. ఇగ గీ కుర్చీల కూసొని గెలిచేటోడు యాడున్నడు నాయినా?" అంది. తాతయ్య తలెత్తి వాసాల వైపు చూశారు.

మూడో సంబంధం మల్లాపూర్ నుంచి వచ్చింది. ఇది ఆమె మనసుకు నచ్చిన సంబంధమని నాకు తెలుసు. వాళ్లు ఏ రోజు వస్తారని నన్ను మాటిమాటికీ అడిగింది. ఇదీ కుర్చీ పాలైతే ఇక ఏ సంబంధమూ నిలవదని ఇంట్లో అందరికీ అర్థమై ఉంది.

ఆ ఉదయం నేను కుర్చీని గుర్తుల మీద సరిగా పెట్టి, మంచినీళ్ల చెంబు తేవడానికి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి కుర్చీ బెత్తెడు పక్కకు తిరిగి ఉంది. సున్నపు గుర్తులు బయటపడి కనిపిస్తున్నాయి. సరిచేయబోతే మేనత్త నా మణికట్టు పట్టుకుంది. "జర ఆగురా. కుర్చీది తప్పు గాదు, పెట్టుడే తప్పు" అంటూ రెండో చేతితో కుర్చీని గట్టిగా నొక్కింది. అది కదలలేదు. అదే కుర్చీ, అవే బండలు. నేను చేయి వెనక్కు తీసుకున్నాను.

పెళ్లికొడుకు వచ్చి కూర్చున్నాడు. తాతయ్య వానల గురించి, ఎడ్ల గురించి మాట్లాడుతున్నారు గాని, చూపంతా కుర్చీ కాళ్ల మీదే. కుర్చీ ఊగదు. చివరకు ఉండబట్టలేక, "కుర్చీ ఎట్లున్నది?" అని అడిగేశారు.

"కుర్చీకేమైంది పెద్దయ్యా, మస్తుగున్నది. మీరే ఏదో ఫికర్ల ఉన్నట్టున్నరు."

తాతయ్య కిందకు చూసి, ఖాళీగా ఉన్న గుర్తులను గమనించారు. తరువాత తలుపు వైపు చూశారు. మేనత్త తల దించుకోలేదు. ఆయన తలరుమాలు సర్దుకుని అన్నారు: "ఒక్కతే బిడ్డ. ఇల్లు సిన్నబోతది."

"మల్లాపూర్ ఎంత దూరం? ఆడ కాల్చిన రొట్టె ఈడ ఏడేడిగ తినొచ్చు" అన్నాడతను.

"రొట్టెతోని పాటు పిల్లను గూడ తోల్కొస్తవా?" అని లోపలి నుంచి నాయనమ్మ. అందరికన్నా ముందు నవ్వింది తాతయ్యే. ఆ సాయంత్రం తన తలరుమాలు తీసి ఆ గుర్తులను ఆయనే తుడిచారు. పెళ్లయ్యాక కుర్చీ కూడా మేనత్త వెంట మల్లాపూర్ వెళ్లింది.

కొన్నేళ్ల క్రితం వాళ్ల ఇల్లు తిరిగి కట్టినప్పుడు ఆ కుర్చీ నా దగ్గరకు చేరింది. నా సేకరణ దానితోనే మొదలైంది. చర్లపల్లి, మల్లాపూర్ కార్ఖానాల సందుల్లో ఇప్పటికీ చేత్తో పనిచేసే వడ్రంగులను వెతికి, తాతయ్య చెప్పిన మాటే చెప్పి చేయించుకుంటున్నాను.

తాతయ్య పరీక్షించింది పెళ్లికొడుకులను కాదనీ, బిడ్డను పంపలేని తన ప్రాణానికి అదొక సాకనీ పెద్దయ్యాక గ్రహించాను. నేను ఉపాధ్యాయుడినై ఎన్నో పరీక్షలు పెట్టాను, కఠినుడనన్న పేరూ తెచ్చుకున్నాను. కాని ప్రశ్నపత్రం రాసిన ప్రతిసారీ, దీనికి నేను ఒప్పుకోగల జవాబు ఒకటైనా ఉన్నదా అని ముందుగా నన్ను నేను ప్రశ్నించుకునేవాడిని. ఆ అలవాటు మా మేనత్త పెట్టినదే.

ఆమె కుర్చీని కుడికి తిప్పిందో, ఎడమకు తిప్పిందో ఎంత తలచుకున్నా జ్ఞాపకం రావడం లేదు. ఇంకా ఏవైనా తప్పులు దొర్లి ఉండవచ్చు. తెలిసిన పాఠకులు నిస్సంకోచంగా దిద్దవలసిందిగా కోరుతున్నాను. ఇంటికే వచ్చి చెప్పదలచినవారు ఆ కుర్చీలోనే కూర్చోవచ్చు. ఊగదు.