లచ్చన్న గొంతు కావలి కాసే చేను

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను కూడా. కానీ నేను జన్నారం వైపు వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి హుజూరాబాద్ చుట్టుపక్కల మక్కజొన్న వేసినవాళ్లు, మామిడి తోటల వాళ్లు ఒకటే అడుగుతున్నారు: "కోతులను, పందులను తరిమే మిషిన్ చూసొచ్చినవట గదా, ఎట్ల పోవాలె, ఎంతయితది?" అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసి పడేస్తే నా నోటికి విశ్రాంతి. దారి కావలసినవాళ్లు దారి తీసుకోండి. మిగతాది నమ్ముతారో లేదో మీ ఇష్టం. నేనే ఇంకా తేల్చుకోలేదు.

లచ్చన్న నాకు మస్కట్ దోస్తు. నేను అక్కడ ఎయిర్ కూలర్లు బాగుచేసేవాణ్ని, అతను ఇటుకలు మోసేవాడు. ఒకే గదిలో పైమంచం అతనిది, కిందిది నాది. నిద్రలో ఉన్నట్టుండి లేచి కూర్చుని "ఏయ్! హోయ్! వాలకుర్రి!" అని అరిచేవాడు. ఎడారిలో పిట్టలెక్కడివి? చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద కూర్చుని ఒడిసెల తిప్పిన పిల్లగాడు అతనిలో నిద్రపోలేదు, అంతే. గదిలో ఉన్న కేరళ అతను ఆ అరుపుకు జడిసి తాయెత్తు కట్టించుకున్నాడు. తిరిగొచ్చాక లచ్చన్న అడవి అంచున రెండెకరాలు కొన్నాడు. పోయిన ఏడాది ఫోన్ చేసి, "మా పోరి నా గొంతును మిషిన్ల వెట్టింది. ఇగ పండుకుంట నేను, అదే ఒర్లుతది. వచ్చి సూడు" అన్నాడు. ఇంటి వెనుక నా జామచెట్లను కోతులు దోచుకుంటున్నాయి కాబట్టి నాకూ ఆశ పుట్టింది. సంక్రాంతి పోయాక వెళ్దామనుకున్నాను. అంతలో అతనే పోయాడు. గుండె ఆగిందట. చివరికి నేను వెళ్లింది అతని పదోరోజుకు.

హుజూరాబాద్‌లో తెల్లవారకముందు మొదటి బస్సు దొరుకుతుంది. కరీంనగర్‌కు గంట పైచిలుకు. అక్కడ మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ పట్టుకోండి, పెద్దపల్లి మీదుగా రెండున్నర గంటలు అనుకోండి. ఎడమ పక్క కిటికీ దొరికితే మంచిది. ఆ రోజు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, బొగ్గు ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి పొగగొట్టాల నడుములు మాయమై, పైన ఎర్ర దీపాలు మాత్రం గాలిలో వేలాడుతున్నాయి. గోదావరి వంతెన మీద బస్సు వెళ్తుంటే కింద నీళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. మంచిర్యాల బస్టాండు ఎదుట బండి దగ్గర పూరి అడిగాను. "పూరి ఒడిసింది కాకా. అటుకులు తిను. మంచు పడ్డనాడు అందరు పూరియే అడుగుతరు, నేనేమన్న మంచుకు ముందుగాల చిట్టీ రాసిచ్చిన్నా" అంది ఆమె. అటుకులు బాగున్నాయి. అక్కడి నుంచి లక్షెట్టిపేట మీదుగా జన్నారం గంటన్నర. ఇప్పుడు దాన్ని మంచిర్యాల జిల్లా అంటున్నారు. నా తలకాయలో మాత్రం అది ఆదిలాబాదే, ఇక మార్చుకునే వయసు దాటిపోయింది.

జన్నారంలో దిగి ఆటో మాట్లాడాను. వంద అన్నాడు, ఎనభైకి వచ్చాడు. ఊరు చెప్పినప్పుడు మామూలుగానే ఉన్నాడు, లచ్చన్న చేను అనగానే అద్దంలో నా ముఖం చూశాడు.

"పొద్దుటి పూట గాబట్టి వస్తున్న తాతా. పొద్దుగూకినంక పదివందలిచ్చినా రాను."

"ఏం, పులి తిరుగుతున్నదా?"

"పులైతే పక్కకు జరుగుతది. సచ్చినంక సుత ఒర్లుతుండు గా మనిషి."

"అది మిషిన్ గదరా."

"మిషినే. ఎవలు కాదన్నరు? మొన్న మా తమ్ముని బర్రె అటు వోతే, 'ఎవని బర్రెరా ఇది, మూతి జూడు దీంది' అన్నడట. లచ్చన్న బతికున్నప్పుడు గా ముక్క సెప్పనే లేదట మిషిన్‌కు. మరి ఎక్కడిది?"

నేను రేడియోలు విప్పి నేర్చుకున్నవాణ్ని, ఇలాంటివాటికి బెదరను అనుకుంటాను. అయినా గొంగడి కాస్త దగ్గరికి లాక్కున్నాను.

చేను చేరేసరికి మంచు పలుచబడింది. మక్క నిలువెత్తు పెరిగి పాలకంకి మీద ఉంది, పందులకు అసలైన విందు. మధ్యలో ఇనుప గుంజ, దాని మీద చిన్న సోలార్ పలక, పిడికిలంత కెమెరా, రెండు మైకులు. చేను మూలన లచ్చన్నను మట్టి చేసిన చోట చుట్టాలు గుమిగూడి ఉన్నారు. మోదుగాకు విస్తరిలో అన్నం, మటన్, గారెలు, పక్కన కల్లు సీసా, బీడీ కట్ట. పిట్టకు పెట్టడం అంటే తెలుసు కదా. పోయినవాడికి ఇష్టమైనవి పెట్టి అందరూ దూరం జరుగుతారు. కాకి ముట్టాలి. ముట్టకపోతే అతనికి ఏదో రంది, తీరని దిగులు మిగిలిందని లెక్క. అప్పుడు ఒక్కొక్కరు ముందుకొచ్చి ఫలానాది చేస్తామని మాట ఇస్తారు. ఏ మాటకు కాకి దిగితే ఆ మాట ఖాయం. అందరి ఎదుట, అతని మట్టి ఎదుట ఇచ్చినది తర్వాత వెనక్కి తీసుకోవడానికి లేదు.

కాకులు ఉన్నాయి. గట్టు అవతల టేకు చెట్ల మీద వరుసగా కూర్చుని చూస్తున్నాయి, దిగడం లేదు.

లచ్చన్న కూతురు సరిత, కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదువుతున్న పిల్ల, నా పక్కకు వచ్చి నిలబడింది. మిషిన్ ఎలా పనిచేస్తుందని మెల్లగా అడిగాను.

"కెమెరా జంతువును గుర్తువడుతది పెదబాపూ. మనుషుల్ని ఇడిసిపెడుతది. పందికో మాట, కోతికో మాట, పిట్టకో మాట. ఒక్కటే అరుపు రోజు వినిపిస్తే పందులు మూడొద్దులకే మరిగి బెదరయ్. గందుకే బాపు గొంతు మొత్తం నేర్పిన. అది సొంతంగ కొత్త కొత్త మాటలు అల్లుకొని ఒర్లుతది."

"అంటే ఆయన అనని మాటలు ఆయన గొంతుల?"

ఆమె గుంజ వైపు చూసి అంది: "అమ్మ రాత్రిపూట గుంజ కాడ కూసుంటున్నది. పొద్దుగాల వచ్చి, 'ఇయ్యాల గిట్లన్నడే' అని చెప్తది. పరేషాన్ అయితున్న. ఇయ్యాల మాత్రం పొద్దుగాలనే బంద్ చేసిన."

అటు పిట్ట దగ్గర మాటలు మొదలయ్యాయి. బిడ్డను చదివిస్తామన్నారు ఒకరు, కాకి కదల్లేదు. ఏటా పేరు మీద అన్నం పెడతామన్నారు ఇంకొకరు. కదల్లేదు. అప్పుడు లచ్చన్న వాళ్లన్న రాజన్న భుజం మీది తువ్వాల సరిచేసుకుని ముందుకొచ్చాడు. ఎత్తుమనిషి, మాట మెత్తన.

"తమ్మీ, నీ రంది నాకెరుకే. చేను ఆడిదాని చేతిల ఆగమైతదని గదా? ఫికర్ చెయ్యకు. నేను సూసుకుంట." లచ్చన్న భార్య మల్లవ్వ వైపు తిరిగాడు. "అను మరదలా. చేను బావకు అప్పజెప్తున్న అని ఒక్కమాట అను. ఆయన పానం సల్లవడుతది."

మల్లవ్వ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పిట్ట ముట్టేదాకా ఎవరూ తినకూడదు. మొగుడు అడవి అంచున రాళ్లు ఏరి చేసిన చేను అది. ఈ పంటకు విత్తనాలు కూడా ఆమె పేరు మీదే తెచ్చుకున్నారట. చుట్టూ ఉన్నవాళ్లు "అను అవ్వా, అను, ఆలస్యమైతుంది" అంటున్నారు. ఆమె నోరు తెరిచింది.

అంతలో టేకు మీది నుంచి ఒక కాకి లేచి, గట్టు దాటి, చేనులోకి వాలబోయింది.

"ఏయ్! ఎవడ్రా అది? నా చేన్ల కాలు వెడితే కాలిరుగుతది! నడువ్! ముందుగాల నడువ్!"

లచ్చన్న గొంతే. మస్కట్‌లో నా పైమంచం మీది నుంచి దిగిన గొంతే. కాకి గాలిలోనే వెనక్కి తిరిగింది. రాజన్న రెండడుగులు వెనక్కి వేశాడు, తువ్వాల మట్టి మీద పడింది. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు. గుంజ మీద మైకు ఇంకా సన్నగా ఊపిరి తీస్తున్నట్టు గరగరమంటోంది.

"బాపు కాదు! మిషిన్, మిషిన్!" అని సరిత గుంజ వైపు పరిగెత్తింది. "కాకి దిగింది గదా, దాన్ని జూసి ఒర్లింది. కానీ నేను బంద్ చేసిన. నా చేతులతోని బంద్ చేసిన!"

"నేనే పెట్టిన" అంది మల్లవ్వ. అందరూ ఆమె వైపు తిరిగారు. "ఆయనకు కూర వండుకుంట, సప్పుడు లేకుంటె చెయ్యాడలే. వచ్చి స్విచ్ ఏసిన."

సరిత తీగ పీకబోయింది. మల్లవ్వ చెయ్యెత్తి ఆపింది.

"ఉండనీ బిడ్డా. బతికినన్ని దినాలు ఈ చేన్ల ఒక్క పిట్టను వాలనిచ్చిండా మీ బాపు? ఇయ్యాల తన మటన్ మీద ఎట్ల వాలనిస్తడు? విస్తరి ఎత్తుండ్రి. గట్టవతల పెట్టుండ్రి."

"గట్టవతల పెట్టుడు యాడన్న ఉన్నదా?" అన్నాడు రాజన్న. ఈసారి గొంతు అంత మెత్తగా లేదు.

"లేదు. పెట్టుండ్రి."

విస్తరిని ఇద్దరు మోసుకెళ్లి గట్టు దాటించి టేకు కింద పెట్టారు. మల్లవ్వ వెనకే వెళ్లి, "చేను నేనే జేస్త. ఇన్నవా?" అంది, ఇంట్లో ఉన్న మనిషితో అన్నట్టు. వాళ్లు పది అడుగులు వెనక్కి జరిగారో లేదో, కాకులు గుంపుగా దిగాయి. మొదట మటనే ముట్టాయి. రాజన్న తువ్వాల దులుపుకుని భోజనాల బంతిలో కూర్చున్నాడు. కాకి ఎదుట ఇచ్చిన మాట కాబట్టి ఇక ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

నాలుగు కాకముందే బయలుదేరాను. ఆటో గట్టు చివర ఆగింది. అడవి వైపు నుంచి చలిగాలి మొదలైతే గొంగడి తల మీదుగా కప్పుకుని ఒక్కణ్నే గట్టు మీద నడుస్తున్నాను. వెనక నుంచి, "ఎవరది?" అని వినబడింది. అరుపు కాదు, మామూలుగా అడిగినట్టు.

"నేనే లచ్చన్నా" అన్నాను. నోరు దానంతట అదే అంది.

అది ఇంకేమీ అనలేదు. నల్ల గొంగడిలో వంగి నడిచే ముసలివాణ్ని పంది అనుకుని, తిరిగి చూసేసరికి మనిషి ముఖం కనబడి ఊరుకుని ఉంటుందని సరిత తర్వాత ఫోన్‌లో చెప్పింది. అయ్యుంటుంది. పందికి "ఎవరది" అని అంత నెమ్మదిగా ఎందుకు అడిగిందో ఆమెకూ తెలియలేదు.

తిరుగు బస్సులో ఆలోచిస్తే నాకు మిషిన్ కన్నా మల్లవ్వే ఎక్కువ గుర్తొచ్చింది. అది ఆత్మ అని చేతులు జోడించినవాళ్లున్నారు, మిషిన్ అని పరిగెత్తిన పిల్ల ఉంది. ఆమె ఆ రెండు మాటలూ అనలేదు. అందులో తన మొగుడి గుణం ఎంతవరకు ఉందో అంతవరకే తీసుకుని, దాంతో చేను నిలుపుకుంది. మనం మాట్లాడకుండా పోయాక కూడా మన గొంతు కొత్త మాటలు నేర్చుకుంటూ ఉంటుందంటే, దాని పక్కన కూర్చుని ఏది మనది, ఏది కాదో చెప్పగలిగిన మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి ఉన్నంతకాలం భయం లేదనుకుంటాను.

కొనేవాళ్లకు ఒక్క సలహా. సరిత, ఆమె దోస్తులు చేసిచ్చే మిషిన్ ఇరవై వేల లోపు పడుతుంది, బిగించడానికి వాళ్లే వస్తారు. గొంతు ఎవరిది పెట్టాలో ముందే ఇంట్లో మాట్లాడుకుని పొండి, అక్కడికి వెళ్లాక నాలాగా తొందరపడి సొంత గొంతుతో మైకు ముందు కూర్చోవద్దు.

పోయిన గురువారం నా మిషిన్ బిగించారు. శుక్రవారం పొద్దున నేను లోపలి గదిలో గడ్డం గీసుకుంటున్నాను. తోటలో ఏదో కోతి దిగినట్టుంది, గుంజ మీది నుంచి నా గొంతు అరిచింది. "ఆ, వస్తున్న వస్తున్న, ఒర్లకు" అంటూ మా ఇంటామె చాయ గ్లాసు పట్టుకుని తోటలోకి వెళ్లింది.