‘స’కు బదులు ‘చ’

మా ఆఫీసులో నన్ను పంతులమ్మ అని ఏడిపిస్తారు. ఒత్తు పోయినా, దీర్ఘం ఎగిరిపోయినా చూస్తూ ఊరుకోవడానికి నా ప్రాణం ఒప్పదు. ఒకసారి లిఫ్టు దగ్గర అతికించిన నోటీసును కూడా పెన్నుతో దిద్దాను. సెక్యూరిటీ వాళ్లు కెమెరాలో చూసి నాలుగో అంతస్తుకి వచ్చి మరీ అడిగారు. తప్పుంటే దిద్దానయ్యా, దొంగతనం చేశానా అని వాళ్ల మీదే విరుచుకుపడ్డాను. మాది మాదాపూర్‌లో ట్రేడ్‌మార్కులు రిజిస్టర్ చేయించే చిన్న ఆఫీసు. ఎవరైనా తమ సరుకుకు పెట్టుకున్న పేరు ఇంకొకరు వాడుకోకుండా దరఖాస్తు రాసి పంపడం మా పని. రాసేది నేను.

అమ్మ దినాలు అయిన మర్నాడే ఆఫీసుకు వెళ్లాను. ఇంట్లో కూర్చుని చేసేదేముంది? ఏడుపు రాలేదు. దవాఖానలో రాలేదు, పాడె కట్టినప్పుడూ రాలేదు. గుండె రాయి చేసుకున్నదని చుట్టాలు మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికేముంది అందులో, నా మొహం! పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే బుగ్గంతా మొద్దుబారుతుంది చూడండి, అంతే. రోజూ లింగంపల్లిలో రైలెక్కేదాన్ని, హైటెక్ సిటీలో దిగేదాన్ని. మధ్యలో హఫీజ్‌పేట్ వచ్చినప్పుడు మాత్రం తల ఎత్తకుండా ఫోన్ చూసుకునేదాన్ని. అమ్మ ఇల్లు అక్కడే.

ఆ వారంలోనే ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటుంది. గుడ్డసంచిలోంచి నాలుగు సీసాలు తీసి నా కంప్యూటరు పక్కన పెట్టింది. గుంటగలగరాకుతో కాచిన తలనూనె. అంతకుముందు ఆవిడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంటీన్‌లో వంట చేసేదట. తలనొప్పి అని వచ్చిన ఆడపిల్లలకు ఇంటి నుంచి నూనె తెచ్చి ఇచ్చేదట. వాళ్లలో కొందరు ఉద్యోగాల మీద దుబాయ్, సింగపూర్ వెళ్తూ సీసాలు పట్టుకెళ్లారు. అక్కడి నుంచి ఇంకా కావాలని ఫోన్లు మొదలయ్యాయి.

“మా అమ్మ నేర్పిచ్చిన నూనె బిడ్డా. పేరు సల్లగ. ఈ పేరు ఇంకెవ్వలు పెట్టుకోకుంట రాయాలె,” అంది.

నేను రాశాను. పేరు గడిలో ‘చల్లగా’ అని తెలుగులో కొట్టాను. దాని కింద అర్థం రాయమని ఇంకో గడి ఉంటుంది. అందులో చల్లదనం అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట కొట్టాను. ఆగి ఆలోచించలేదు, ఆవిణ్ణి అడగనూ లేదు. అప్పటికి సీసాల మీద కాగితం కూడా లేదు, పోల్చి చూడటానికి.

“ఒకసారి చదువుకుని సంతకం పెట్టండమ్మా,” అన్నాను.

“నువ్వు రాసినవ్ కదా, ఇగ నేను జూసేదేముంది?” అని సంతకం పెట్టేసింది.

నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది, ఈసారి పరేషాన్‌గా. దుబాయ్‌లో ఒక దుకాణం అతను ఆవిడ నూనె తెప్పించుకుని అమ్మేవాడు. ఇప్పుడు తనే నూనె కాయించి, ఆ పేరును తన పేరు మీద రాయించుకుంటానని అక్కడి పిల్లలతో అంటున్నాడట. “ఫికర్ చేయకండమ్మా, దీనికో దారుంది,” అన్నాను. నిజంగానే ఉంది. మాడ్రిడ్ పద్ధతి అంటారు. పేరుకు మాడ్రిడ్ గానీ కాగితాలు వెళ్లేది జెనీవాకు. దేశానికో వకీలును పెట్టుకోనక్కర్లేదు. మన దేశంలో వేసిన దరఖాస్తును ఆధారంగా చూపించి, ఒకే ఫారం నింపి, ఏయే దేశాలు కావాలో టిక్కు పెడితే చాలు. ఇక్కడ వేసిన ఆరు నెలల్లోపు పంపితే ఇక్కడి తేదీయే అక్కడా చెల్లుతుంది. అంటే దుబాయ్ అతను ఈరోజే పరిగెత్తినా మనం అతనికన్నా నాలుగు నెలలు ముందున్నట్టే లెక్క. షరతు ఒక్కటే. ఇక్కడి పేరు, అక్కడికి పంపే పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయివుండాలి.

కొత్తగా లేబుళ్లు వేయించానంటూ ఒకటి ఇచ్చి వెళ్లింది. ఆవిడ వెళ్లాక తీరిగ్గా చూశాను. ఆకుపచ్చ రంగులో పెద్ద అక్షరాలు, ‘సల్లగ’. ఒళ్లు మండింది. వెంటనే ఫోన్ చేశాను.

“అమ్మా, మీ ప్రింటింగ్ వాళ్లు తప్పు వేశారండి. చల్లగా అని ఉండాలి.”

“తప్పేముంది బిడ్డా? సల్లగ అనే ఉన్నది కదా.”

“అదేనండీ చెప్పేది. సల్లగ కాదు, చల్లగా.”

“చల్లగా అని ఎవరన్నరు? నేనన్ననా?”

ఆవిడ అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు.

ఒకసారి దరఖాస్తు వేశాక చిరునామా మార్చుకోవచ్చు గానీ పేరునే మార్చనివ్వరు. మళ్లీ కొత్తగా వేయాల్సిందే, కొత్త తేదీతో. అంటే నాలుగు నెలలూ గంగలో కలిసినట్టే. మా సారు తల పట్టుకోలేదు, కేకలూ వేయలేదు. కాకినాడ మనిషి, ఏదైనా నెమ్మదిగానే అంటాడు. “సంతకం ఆవిడదే కదండీ, మన తప్పేముంది? లేబుల్ మార్చుకోమనండి. చల్లగా అంటే అందరికీ అర్థమవుతుంది కూడాను,” అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. హఫీజ్‌పేట్‌లోనే. అమ్మ పోయాక ఆ స్టేషన్‌లో దిగడం అదే మొదటిసారి. దిగితే ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఆవిడ వరండాలో కూర్చుని నూనె వడకడుతోంది. విషయం మొత్తం విని గుడ్డ పక్కన పడేసింది.

“గింత సదువుకున్నవ్, నా నోట్లె మాట నువ్వెట్ల మారుస్తవ్? చల్లగా అంటే ఏంది? ఫ్రిజ్జుల వెట్టిన నీళ్ల సీసా! సల్లగ అంటే గది కాదు. నూనె అంటి, నెత్తి మీద చెయ్యి వెట్టి, సల్లగుండు బిడ్డా అంటుండె మా అమ్మ. మీ అమ్మ అనదా? ఏ ఊరు నీది?”

“ఇక్కడేనండి. హఫీజ్‌పేటే.”

“ఈడిదానివా! మరి గట్ల మాట్లాడుతవేంది?”

ఏం చెప్పను? బాచుపల్లి బడిలో ఆరో తరగతిలో చేరిన రోజే ‘సదువు’ అన్నాను. క్లాసంతా నవ్వింది. సంక్రాంతి సెలవులకల్లా నా నోట్లో స అంతా చ అయిపోయింది. తర్వాత ఇంట్లో అమ్మను దిద్దడం మొదలుపెట్టాను. సల్ల కాదమ్మా, చల్ల. సెప్పు కాదమ్మా, చెప్పు. ఆమె నవ్వేది, మళ్లీ తన మాటే అనేది. దవాఖానలో చివరి సాయంత్రం నా చెయ్యి పట్టుకుని “సల్లగుండు బిడ్డా” అంది. పక్కన నర్సు ఉంది. “చల్లగా ఉండు అనాలమ్మా,” అన్నాను. అమ్మ నవ్వింది. ఆ తర్వాత ఆమెకు మళ్లీ తెలివి రాలేదు. నేను మా అమ్మతో అన్న ఆఖరి మాట అది, తప్పు దిద్దడం.

ఇదంతా ఆవిడతో చెప్పలేదు. “తప్పు మీది కాదమ్మా, నాది. మీ మాట మీకే ఉంటుంది,” అన్నాను. ఆఫీసుకొచ్చి తప్పు నాదేనని కాగితం మీద రాసి సారుకు ఇచ్చాను. ‘సల్లగ’ పేరుతో ఇక్కడ కొత్త దరఖాస్తు వేశాం, దాని వెనకే జెనీవాకూ పంపాం. అర్థం రాయాల్సిన గడి దగ్గర చాలాసేపు ఆగాను. ఇంగ్లీషులో దానికి ఒక్క మాట దొరకలేదు. పెద్దవాళ్లు తల మీద చెయ్యి పెట్టి దీవించేటప్పుడు అనే మాట అని రాశాను.

అమ్మ సంవత్సరీకం అయిపోయింది. అప్పుడూ కళ్లు తడవలేదు. ఆ తర్వాత జవాబులు రావడం మొదలైంది. సింగపూర్ ఒప్పుకుంది. దుబాయ్ మాత్రం కుదరదంది. ఆ దుకాణం అతను మా కొత్త తేదీ కన్నా పందొమ్మిది రోజులు ముందు వేసుకున్నాడు. పాత తేదీయే నిలిచి ఉంటే మూడు నెలల పైన మేమే ముందుండేవాళ్లం. ఆ కాగితం రెండుసార్లు చదివి ఆవిడకు ఫోన్ చేశాను.

“అమ్మా, దుబాయ్‌ల మన పేరు రాలే,” అన్నాను. ఆ మాట అలా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

“అంటే నా పేరు వెట్టుకొని వాడమ్ముకుంటడు.”

“అవునమ్మా.”

“నీ ఒక్క అచ్చరంతోటి.”

“అవునమ్మా.”

“సరె తియ్. ఉన్నకాడన్న కాపాడు,” అంది. గొంతులో కోపం పోలేదు. అయినా ఫోన్ పెట్టేసే ముందు, అందరితో అన్నట్టే అలవాటుగా, “సల్లగుండు బిడ్డా,” అంది.

ఒట్టు, నా నాలుక చ వైపే వెళ్లింది. పళ్లు బిగించి ఆపాను. ఆవిడ పెట్టేసింది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని ఏడ్చాను. ఏడాది పైన ఎక్కడుందో ఆ ఏడుపు, నాలుగో అంతస్తంతా వినబడేలా వచ్చింది. దుబాయ్ కాగితం చూసి ఏడుస్తున్నాననుకున్నారు అందరూ. “పోనీలెండి, సింగపూర్ వచ్చింది కదా,” అంటూ సారు ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తెప్పించి ఇచ్చాడు. చల్లటి నీళ్లు. తాగాను.