పలకరాళ్ల గోడ

సౌదీ కొండల్లోని అభాలో వాన మొదలైతే అందరూ లోపలికి పరిగెత్తేవారు, మేస్త్రి బుచ్చన్న మాత్రం బయటికి వచ్చేవాడు. అతను బాగుచేస్తున్న పాత సర్కారు కచేరీది మట్టిగోడ. ఆ కొండల్లో పాతకాలం కట్టుబడి ప్రకారం గోడలో వరుసవరుసకూ పలకరాళ్లు చూరులా బయటికి పొడుచుకొచ్చి, వాననీళ్లు మట్టికి తగలకుండా దూరంగా జార్చేస్తాయి. బుచ్చన్న నెత్తిన సిమెంటు సంచి కప్పుకుని గోడ పొడుగునా నడిచేవాడు. రాళ్ల కింద మట్టిని చేతి వెనకవైపుతో తాకి, పొడిగా ఉంటే మీసాల్లో నవ్వుకునేవాడు. ఆ పని బావమరిది జనార్దన్‌కు నేర్పింది అతనే. అరబ్బీ వచ్చు కాబట్టి జనార్దన్ ఫోర్‌మన్ అయ్యాడు.

కచేరీ తెరిచే రోజు బుచ్చన్న తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్లాడు. జగిత్యాల వైపు ఇల్లు పూర్తయితే మేస్త్రికి బట్టలు పెడతారు. ఇక్కడా పెడతారని జనార్దనే చెప్పాడు. నిజంగానే పెట్టారు. పెద్ద అధికారి గోడను చూపించి ఏదో అడిగాడు. జనార్దన్ తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అక్కడి పెద్దలు పైన వేసుకునే జరీ అంచు నల్ల అంగీ, బిష్త్‌ను జనార్దన్ భుజాల మీద కప్పారు. అరబ్బీ రాని బుచ్చన్నకు ఆ చెయ్యి అర్థమైంది.

సాయంత్రం రూములో జనార్దన్ ఆ బిష్త్ తెచ్చి బుచ్చన్న మంచం మీద పెట్టాడు. "నువ్వే ఏస్కో బావా. అక్కకు ఫొటో పంపుదాం."

బుచ్చన్న దాన్ని మడత చెడకుండా పక్క మంచం మీదికి జరిపాడు. అంతలో రేకుల మీద వాన మొదలైంది.

"లే బావా, గోడ సూసొద్దాం."

బుచ్చన్న దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

"గోడ నీదేనంటివి గదా. నువ్వే సూసి రా."