జొన్న పిలకల్లో మంద

మా రాచర్ల వైపు గొర్రెలున్న ఇళ్లలో పిల్లలకు నడకతోపాటే ఒక సంగతి నేర్పుతారు. కోసిన జొన్నచేలో వాన లేక మోళ్లకు మళ్లీ పిలకలు వేస్తే, ఆ పచ్చటి పిలకలు విషం. వాన బాగా పడేదాకా మందను అటు పోనివ్వరు. గట్టు మీద నిలబడి అదిలిస్తూనే ఉంటారు. కాపరి పనంటే సగం ఆ అదిలింపే.

మా ఇంటాయనకు ఇది తెలియక కాదు. ఫోను చేతికి రాకముందు మందలో ఏ గొర్రె దగ్గినా, చూడకుండానే అది ఏదో చెప్పేవాడు. ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరచిపోతాడు, బొటనవేలు మాత్రం ఆగదు. చర్చిలో ప్రార్థనకు కళ్లు మూసుకోమంటే ఒక కన్ను తెరిచి జేబులోకి చూసుకుంటాడు. తిట్టి తిట్టి నా నోరు నొప్పి పుట్టింది.

"ఏందే నీ గోల? మంద యాడికి పోతాది?" అనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం క్యారేజీ తీసుకుని వెళ్లేసరికి ఆయన వేపచెట్టు కింద కాళ్లు చాపుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని నవ్వుకుంటున్నాడు. మంద మొత్తం పిలకలేసిన జొన్నచేలో ఉంది. క్యారేజీ అక్కడే పడేసి అరుచుకుంటూ పరిగెత్తాను. నా గొంతు ఊళ్లోకి వినిపించి ఉంటుంది, ఆయనకు మాత్రం వినిపించలేదు. మందను గట్టు దాటించేలోపే నాలుగు గొర్రెలు తూలి పడ్డాయి. అందులో ఒకటి మా చూడిగొర్రె, నేడో రేపో ఈనేది. చిన్నప్పుడే దాని తల్లి చనిపోతే నేనే పాలు పట్టి పెంచాను.

ఆయన అప్పుడొచ్చి నిలబడ్డాడు. "డాక్టరుకు ఫోన్ చెయ్యయ్యా!" అన్నాను. ఫోను ఎత్తాడు. చేస్తున్నాడనుకుని, చూడిగొర్రె తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. దాని నోటి నురగ నా చీరంతా అయింది.

"ఏమన్నాడు డాక్టరు?"

"ఉండే, ఈ వీడియో ఎక్కనీ. గొర్రెలోళ్ల గ్రూపులో పెడతాండా."

నా ఒళ్లు మండిపోయింది. ఫోను లాక్కుని రాతికేసి కొట్టబోయి ఆగాను. పశువుల డాక్టరు నంబరు అందులోనే ఉంది. మిగతా మూడు గొర్రెలు ఇంకా తన్నుకుంటున్నాయి. ఆ పాడు ఫోనునే చెవికి ఆనించుకుని డాక్టరును బతిమాలాను. అంతకన్నా అవమానం నాకు ఇంకోటి లేదు.

డాక్టరు బండి మీద వచ్చి సూదులు వేశాడు. మూడూ లేచాయి. చూడిగొర్రె లేవలేదు. దాని కడుపు మీద పెట్టిన నా చేతి కింద పిల్ల కాసేపు కదిలింది. తర్వాత కదల్లేదు.

సాయంత్రం దాన్ని పూడ్చి ఇంటికొచ్చాం. ఆయన మంచం మీద కూర్చుని ఫోను నా ముందు పెట్టాడు.

"చూడే, పాపం పాపం అని ఎంతమంది పెట్టినారో. యాడో ఉండే పామూరోళ్లు కూడా పెట్టినారు."

"పాపం అనేదానికి ఊరూరా ఉండారు. అదిలించేదానికి నువ్వొక్కడివే ఉంటివి కదయ్యా!" అని అరిచాను.

ఆయన తలెత్తకుండానే బొటనవేలితో వీడియోను నొక్కాడు. ఫోనులో నేను ఏడుస్తున్న చప్పుడు మళ్లీ మొదలైంది.